ముప్ఫై మూడేళ్ళు ఒక చేతిరాత వెంట: పేటర్ వొల్నీ, బాఖ్ కొత్త రచనల సంగతి

లైప్‌జిగ్_వాసు | 18 నవంబర్ 2025, రాత్రి 11:42

అందరికీ నమస్కారం. చాలా రోజులకి ఇటు వచ్చాను. నేనుండే ఊళ్ళో, అంటే జర్మనీలోని లైప్‌జిగ్‌లో, నిన్న జరిగిన ముచ్చట ఒకటి చెప్పాలి. చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు.

నిన్న, అంటే 17వ తేదీ సోమవారం, ఇక్కడి థామస్ చర్చిలో ఆర్గన్ మీద చకోన్‌లు అనే రచనలు రెండు వాయించారు. వాయించింది డచ్ విద్వాంసుడు టోన్ కోప్‌మన్. ఆయనకి 81 ఏళ్ళు. రెండూ జర్మన్ సంగీతకర్త యోహాన్ సెబాస్టియాన్ బాఖ్ రచనలని అదే రోజు ప్రకటించి, బాఖ్ రచనల జాబితాలో బి.డబ్ల్యు.వి. 1178, 1179 అని నంబర్లు కూడా ఇచ్చేశారు. ఒకటి డి మైనర్, రెండోది జి మైనర్. బాఖ్ ఇరవై ఏళ్ళ కుర్రాడిగా ఆర్న్‌స్టాట్ అనే చిన్న ఊళ్ళో ఆర్గన్ వాయించుకుంటున్న కాలం నాటివి, ఇంచుమించు 1705. అంటే 320 ఏళ్ళ నాటి సంగీతం.

మా ఆఫీసులో అందరూ దీన్ని 'కొత్తగా దొరికాయట' అంటున్నారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. కొత్తగా దొరకడమేంటి? ఆ కాగితాలు బ్రస్సెల్స్‌లోని బెల్జియం రాజ గ్రంథాలయంలో భద్రంగానే ఉన్నాయి. పేటర్ వొల్నీ అనే జర్మన్ సంగీత పరిశోధకుడు వాటిని 1992లోనే చూశాడు. అప్పటికాయన డాక్టరేట్ పూర్తి కాని విద్యార్థి. కాగితాల మీద రాసినవాడి పేరు లేదు, తారీఖు లేదు. సంగీతం చూస్తే మాత్రం మామూలు మనిషి రాసినట్టు లేదు. అనుమానం అప్పుడే వచ్చింది. నోరు విప్పింది మాత్రం ఇప్పుడు.

మధ్యలో గడిచింది ముప్ఫై మూడేళ్ళు. ఆ మనిషి ఇప్పుడు లైప్‌జిగ్ బాఖ్ ఆర్కైవ్‌కి డైరెక్టర్.

మీరంతా ఏమంటారో చూద్దామని ఈ చర్చ మొదలుపెట్టాను.

---

పియానో_పిల్లోడు | 19 నవంబర్, ఉదయం 6:58

అన్నా, బాఖా బాచ్చా? మా కీబోర్డు సార్ బాచ్ అంటారు.

---

లైప్‌జిగ్_వాసు | 19 నవంబర్, ఉదయం 7:20

'దుఃఖం' అనేటప్పుడు గొంతులో రాసుకుంటుంది చూడు, దాదాపు అదే తమ్ముడూ. బాఖ్. బాచ్ అంటే ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు, కాకపోతే ఎవరి గురించో అర్థం కాదు.

---

సూటిమాట | 19 నవంబర్, ఉదయం 9:15

క్షమించాలి, నాకు ఇందులో గొప్పేంటో తెలియలేదు. రెండు చిన్న ముక్కల మీద ఒక మనిషి 33 ఏళ్ళు కూర్చున్నాడు. జీతం ఎవరిచ్చారు? పైగా నిన్నటిదాకా అవి అనామకుడి రచనలు కాబట్టి ఎవడూ వాయించలేదు. ఇవాళ బాఖ్ అన్నారు కాబట్టి మంత్రులు ముందు వరసలో కూర్చున్నారు. సంగీతం అదే, స్వరాలు అవే. మారింది పేరు ఒక్కటే. అది పరిశోధనా, బ్రాండింగా?

---

సుస్వరం_రమ | 19 నవంబర్, ఉదయం 10:02

సూటిమాట గారూ, మీ రెండో మాట నాకూ గుచ్చుకుంది. మొదటిదానితో మాత్రం ఏకీభవించను. వాసు గారూ, ఈయన 33 ఏళ్ళూ ఆ రెండింటి మీదే ఉన్నాడా, ఇంకేమన్నా చేశాడా? మాకు ఆయన పేరు కూడా తెలియదు, కాస్త మొదట్నుంచీ చెప్పండి.

---

లైప్‌జిగ్_వాసు | 19 నవంబర్, రాత్రి 10:30

రమ గారూ, నాకు తెలిసింది చెప్తాను.

వొల్నీ పుట్టింది 1961లో. కొలోన్‌లో సంగీతశాస్త్రం చదివి హార్వర్డ్ వెళ్ళాడు. అక్కడ 1993లో డాక్టరేట్ వచ్చింది. పరిశోధన బాఖ్ మీద కూడా కాదు, బాఖ్ పెద్ద కొడుకు విల్‌హెల్మ్ ఫ్రీడెమన్ మీద. ఈ పెద్ద కొడుకు కథ మన ఇళ్ళలో వినేదే: మహా ప్రతిభ, చేతిలో డబ్బు నిలవదు. తండ్రి పోయాక వాటాకి వచ్చిన రాతప్రతుల్ని అవసరం పడ్డప్పుడల్లా అమ్ముకుంటూ పోయాడు. అందువల్ల ఆయన మీద పనిచేసేవాడు ఒక్కచోట కూర్చుంటే కుదరదు. ఎక్కడెక్కడి లైబ్రరీలో ఏ కాగితం తేలిందో వెతుక్కుంటూ తిరగాలి. బ్రస్సెల్స్‌లో ఆ అనామక కాగితాలు కంటపడింది ఆ రోజుల్లోనే.

1993లోనే లైప్‌జిగ్ బాఖ్ ఆర్కైవ్‌లో చేరాడు. 2014 నుంచి డైరెక్టర్. ఆఫీసు థామస్ చర్చికి ఎదురుగా, బోసె హౌస్ అనే పాత వర్తకుడి ఇంట్లో. రోజూ నేను ట్రామ్ దిగి ఆ ముందు నుంచే నడుస్తాను. కింద మ్యూజియం ఉంది. దానిలో ఒక గదిలో దీపాలు బాగా తగ్గించి అసలు రాతప్రతులు పెడతారు. మొదటిసారి వెళ్ళినప్పుడు అద్దానికి ముక్కు ఆనించి చూశాను. సిరా గోధుమరంగుకి తిరిగింది. స్వరాలు ఒత్తుగా ఉన్నచోట కాగితం సన్నగా చివికి, గుండ్రటి చుక్క మేర అవతలికి కనిపించేలా ఉంది. సంగీతం తన కాగితాన్ని తనే తినేస్తున్నట్టుంది.

ఇక ఆయన చేసిన మిగతా పనుల్లో నాకు తెలిసినవి రెండు.

2006లో వైమార్ లైబ్రరీలో సహచరుడు మిఖాయెల్ మౌల్‌తో కలిసి కొన్ని పాత ఆర్గన్ నకళ్ళు గుర్తుపట్టాడు. బుక్స్‌టహూడ, రైన్‌కెన్ అనే పెద్దవాళ్ళ రచనల్ని బాఖ్ కుర్రతనంలో ఎత్తి రాసుకున్నవి. ఒకదాని చివర 1700, ల్యూనెబుర్గ్ అని ఉంది. అప్పటికి వాడికి పదిహేనేళ్ళు. బాఖ్ చేతిరాతల్లో మనకి మిగిలిన అన్నింటికంటే పాతవి ఇవే.

2013లో వైసెన్‌ఫెల్స్‌లో గాస్పరీని అనే ఇటలీ సంగీతకారుడి మాస్ (చర్చి పూజలో పాడే రచన) ఒకటి బాఖ్ సొంత చేత్తో రాసుకున్నది బయటపెట్టాడు. యాభై దాటిన బాఖ్ ఇంకొకరి పాఠం ఎత్తి రాసుకుంటున్నాడన్నమాట.

సూటిమాట గారూ, జీతం సంగతి: జర్మన్ ప్రభుత్వ సొమ్మే చాలావరకు. నా పన్ను కూడా అందులో ఉంది. నాకేం బాధ లేదు.

---

తాటాకు_తాతయ్య | 20 నవంబర్, ఉదయం 5:10

ఈ వయసులో నిద్ర పట్టదు, అందుకని ఈ వేళకి రాస్తున్నాను. నేను ఒక రాతప్రతుల భాండాగారంలో ఇరవై ఆరేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. దాని పేరు ఇక్కడ అనవసరం.

వాసు బాబూ, నువ్వు చెప్పిన కాగితం చివకడానికి కారణం సిరా. ఐరోపా వాళ్ళు మాచికాయ నానబెట్టి, అన్నభేది కలిపి సిరా చేసేవాళ్ళు. మన పెద్దలు కరక్కాయ, అన్నభేది వాడేవారు. అన్నభేది అంటే ఇనుపలవణం. అది తుప్పు పట్టి ఆమ్లమై కాగితాన్ని కొరుకుతుంది. తాటాకు మీద గంటంతో గీరి, మసి పూసి తుడిచిన రాతకి ఈ జబ్బు లేదు, దానికి చెదలే శత్రువు. బెర్లిన్ లైబ్రరీ వాళ్ళు బాఖ్ కాగితాల్ని ముందు పొర, వెనక పొరగా రెండుగా చీల్చి, మధ్యలో సన్నని గట్టి కాగితం పెట్టి మళ్ళీ అతికించారని చాలా ఏళ్ళ క్రితం చదివాను. చదివిన రోజు అన్నం సహించలేదు. ఎవడి చెయ్యి వణక్కుండా ఆ పని చేశాడో!

నాకు నువ్వు చెప్పాల్సింది ఒకటి మిగిలింది. రాసిన లేఖకుడు ఎవడని తేలింది? రచన ఎవరిదో తర్వాత. నకలు చేసినవాడెవడు?

---

లైప్‌జిగ్_వాసు | 20 నవంబర్, మధ్యాహ్నం 1:05

తాతయ్య గారూ, అసలు తాళం చెవి మీరే పట్టుకున్నారు. లంచ్‌లో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

ఆ చకోన్‌లు రాసి ఉన్నది బాఖ్ చేతిరాతలో కాదు. వేరే ఎవరో నకలు చేశారు. ఆ 'ఎవరో' తేలడానికే ఇన్నేళ్ళు. పేరు సాలొమోన్ గ్యుంటర్ యోన్. ఆర్కైవ్‌లోనే పనిచేసే బెర్న్ట్ కోస్కా అనే పరిశోధకుడు ట్యూరింగెన్ ప్రాంతపు పాత దస్తాల్లో వెతుకుతుంటే ఇతని ఉద్యోగ దరఖాస్తు ఒకటి దొరికింది. ఆర్గన్ వాయించే కొలువు కోసం పెట్టుకున్నది. అందులో 'నేను ఆర్న్‌స్టాట్‌లో బాఖ్ గారి దగ్గర నేర్చుకున్నాను' అని రాసుకున్నాడు. గురువు పేరు చెప్పుకుని ఉద్యోగం అడగడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

అయితే దరఖాస్తు రాసేనాటికి యోన్ పెద్దవాడు, కుర్రప్పటి రాతకీ దానికీ తేడా వచ్చేసింది. మళ్ళీ వెతికి, అంతకుముందు వయసులో అతను రాసిన కాగితాలు సంపాదించి, బ్రస్సెల్స్ కాగితాల పక్కన పెట్టి చూశారు. సరిపోయింది. లేఖకుడు ఆర్న్‌స్టాట్ శిష్యుడని తేలాక, ఎప్పుడు రాశాడో, ఎక్కడ రాశాడో, ఎవరి పుస్తకం చూసి రాసి ఉంటాడో వరసగా బిగుసుకుంటూ వచ్చాయి.

---

తాటాకు_తాతయ్య | 20 నవంబర్, సాయంత్రం 6:45

ఇది పని అంటే!

మన లేఖకులు ఆకుల కట్ట చివర ఒక శ్లోకం రాసేవాళ్ళు. 'యాదృశం పుస్తకం దృష్ట్వా తాదృశం లిఖితం మయా, అబద్ధం వా సుబద్ధం వా మమ దోషో న విద్యతే.' చూసినది చూసినట్టు రాశాను, తప్పో ఒప్పో నా మీద వేయకండి అని. దాని కింద సంవత్సరం పేరు, తిథి, తన పేరు, ఊరు. అది ఉన్న కట్ట దొరికితే మాకు పండగ. చివరి ఆకు విరిగిపోయిందంటే ఇక చేతిరాతే దిక్కు.

ఒక సంగతి చెప్తాను. కేటలాగులో 'వైద్యం' అని ఎక్కించిన కట్ట ఒకటి ఉండేది. నిజానికి ముందు ముప్ఫై ఆకులు వైద్యమే. ఎక్కించినవాడు అక్కడితో ఆపేశాడు. చివరి పదకొండు ఆకుల్లో పాడుకునే పదాలున్నాయి, రాగం తాళం పేర్లతో సహా. అవి ఇంకొకడి చెయ్యి. ఎలా తెలిసిందంటే, వాడు వలపలగిలకని (అక్షరం పక్కన 'ర్'కి బదులు రాసే పాత గుర్తు) పైకి దువ్వి, చివర చిన్న కొక్కెం తిప్పుతాడు. ఆ కొక్కెం ఇంకెవరిలోనూ చూడలేదు. రెండేళ్ళ తర్వాత వేరే ఊరి నుంచి వచ్చిన భాగవతం కట్టలో అదే కొక్కెం కనపడింది. ఆ మధ్యాహ్నం నేను భోజనానికి వెళ్ళలేదు. ట్రేసింగ్ పేపరు వేసి రెండింటినీ దించుకున్నాను. ఆ లేఖకుడెవరో మాత్రం తేలలేదు. రెండు కట్టలకీ చివరి ఆకు లేదు. పై అధికారికి చెబితే 'అయితే ఏంటండీ' అన్నాడు. సూటిమాట గారి ప్రశ్న నాకు కొత్తది కాదు.

---

మృదంగం_మూర్తి | 20 నవంబర్, రాత్రి 8:12

ఇప్పుడే రెండూ విన్నాను, యూట్యూబులో ఉన్నాయి. చకోన్ అంటే కింద బేస్‌లో ఒక చిన్న వరస తిరుగుతూనే ఉంటుంది, పైన అల్లిక మారుతూ పోతుంది. మనవాళ్ళకి అర్థం కావాలంటే: తంబురాలా నిలబడి ఉండదు, తబలాకి తోడు వాయించే లెహరాలా తిరుగుతుంది. నాకు నచ్చింది ఏంటంటే, ఒకచోట ఆ వరస మామూలుగా వచ్చే ఎనిమిది బార్లు కాదు, ఏడు. లెక్క వేసుకుంటూ కూర్చున్నాను, సమం దగ్గర ప్రతిసారీ ఒక మెట్టు జారినట్టుంది. ఇరవై ఏళ్ళ కుర్రాడి పొగరు వినపడుతోంది.

ఆ ఏడు వరస, తర్వాత అదే వరసని ఫ్యూగ్‌గా (ఒక వరసని గొంతు తర్వాత గొంతు అందుకుంటూ అల్లే పద్ధతి) సాగదీయడం, ఇలాంటివి ఆ కాలంలో ఆ ప్రాంతంలో ఇంకెవరి దగ్గరా ఈ కలయికలో లేవనే వొల్నీ వాదం. చేతిరాత ఒక కాలు, సంగీతం ఇంకో కాలు.

---

పియానో_పిల్లోడు | 20 నవంబర్, రాత్రి 9:30

అయితే బాఖ్ అని మనం వాయించేవాటిలో బాఖ్‌వి కానివి కూడా ఉంటాయా?

---

అట్లాంటా_శర్మ | 21 నవంబర్, ఉదయం 7:44

ఉంటాయి బాబూ. నువ్వు కీబోర్డు పరీక్షకి మినుయెట్ ఇన్ జి వాయించావా? ప్రపంచంలో కీబోర్డు నేర్చుకునే ప్రతి పిల్లాడూ వాయిస్తాడు. అది బాఖ్ భార్య ఆనా మగ్డలేనా సంగీత పుస్తకంలో ఉంది, పేరు లేకుండా. ఇంటిపుస్తకంలో ఉంది కాబట్టి ఇంటాయనదే అనుకున్నారు. తర్వాత చూస్తే డ్రెస్డెన్‌లో ఉండే క్రిస్టియాన్ పెట్‌సోల్డ్ అనే ఆయనది. దాన్ని తేల్చింది లైప్‌జిగ్‌కే చెందిన హన్స్-యోఆఖిమ్ షుల్జె. మా అమ్మ వంటల పుస్తకంలో సగం పక్కింటి సుబ్బలక్ష్మి గారివి, అదీ అంతే.

---

పియానో_పిల్లోడు | 21 నవంబర్, ఉదయం 7:51

నా సర్టిఫికెట్ మీద బాఖ్ అని ఉంది అన్నా 😐

---

అట్లాంటా_శర్మ | 21 నవంబర్, ఉదయం 8:40

దాచుకో, అది కూడా ఒక చారిత్రక పత్రమే.

సరే, సూటిమాట గారికి పెద్ద జవాబు బాకీ ఉన్నాను. పేరు మారితే ఏమవుతుంది, తారీఖు మారితే ఏమవుతుంది అంటారు కదా. తారీఖు మారితే ఏమైందో చూడండి.

పంతొమ్మిదో శతాబ్దంలో ఫిలిప్ ష్పిట్టా అనే మహాపండితుడు బాఖ్ జీవితచరిత్ర రాశాడు, 1873లో ఒక సంపుటం, 1880లో ఇంకోటి. అప్పటికే కాగితంలోని నీటిగుర్తులు (వెలుతురుకి పట్టి చూస్తే కనపడే తయారీ ముద్రలు) చూసి తారీఖులు కట్టే పద్ధతి వాడాడు. కోరల్ కాంటాటాలు (చర్చి కీర్తనల మీద అల్లి, గాయకులూ వాద్యాలూ కలిసి పాడేవి) అనే నలభై దాకా ఉన్న గొప్ప రచనల్ని 1735 తర్వాత, అంటే బాఖ్ ముసలితనంలో పెట్టాడు. దానితో ఒక బొమ్మ తయారైంది: చనిపోయేదాకా వారం వారం దేవుడికి కాంటాటా అల్లుతూ కూర్చున్న భక్తుడు. మూడు తరాలు ఆ బొమ్మకే దండం పెట్టాయి.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత గ్యోటింగెన్‌లో ఆల్ఫ్రెట్ డ్యూర్, ఇంకోవైపు గేయోర్గ్ ఫోన్ డాడెల్సెన్ కూర్చుని కాగితం కాగితం మళ్ళీ చూశారు. వీళ్ళు చూసింది ఏమిటంటే, బాఖ్ రాసిన పెద్ద ప్రతి ఒక్కటే కాదు, ఆదివారం వాయించడానికి ఒక్కో వాద్యానికి విడిగా తీసిన కాగితాలు. అవి శిష్యులు, ఇంట్లోవాళ్ళు హడావుడిగా తీసిన నకళ్ళు. ఒక్కొక్కడి చేతినీ వేరు చేశారు. స్వరాల గీతల మొదట్లో వేసే క్లెఫ్ గుర్తు ఎలా తిప్పుతాడు, విరామం గుర్తు ఎలా వంచుతాడు, స్వరం తలకి కాడ ఏ పక్కన తగిలిస్తాడు. పేర్లు తెలియవు కాబట్టి 'ముఖ్య లేఖకుడు ఎ', 'ముఖ్య లేఖకుడు బి' అని పెట్టుకున్నారు. ఏ చెయ్యి ఏ నీటిగుర్తు కాగితం మీద పడింది, ఆ చెయ్యి ఎప్పుడు మొదలై ఎప్పుడు మాయమైంది అని పట్టిక వేశారు. 1957లో డ్యూర్, 1958లో డాడెల్సెన్ ఫలితాలు అచ్చువేశారు. కోరల్ కాంటాటాల్లో చాలా భాగం 1724, 25 మధ్య ఒక్క ఏడాదిలో రాసినవి. వారానికొకటి చొప్పున! మొత్తం మీద చర్చి కాంటాటాల్లో ఎక్కువ భాగం లైప్‌జిగ్ చేరిన మొదటి కొన్నేళ్ళలోనే అయిపోయాయి. తర్వాత ఆయన దృష్టి వేరే వాటి మీదకి మళ్ళింది.

ముసలి భక్తుడి బొమ్మ పడిపోయింది. జర్మనీలో కొందరు పెద్దవాళ్ళు నిజంగా కంటతడి పెట్టారంటే ఆశ్చర్యపోను. ఆ లేఖకుడు ఎ తర్వాత యోహాన్ ఆండ్రెయాస్ కూనౌ అని తేలాడు, బి క్రిస్టియాన్ గోట్లోబ్ మైస్నర్. ఇద్దరూ థామస్ పాఠశాల కుర్రాళ్ళు. పిల్లల చేతిరాత పట్టుకుని మహానుభావుడి జాతకం తిరగరాశారండీ.

ఇదంతా జర్మనీ రెండు ముక్కలై ఉన్నప్పుడు. పశ్చిమాన గ్యోటింగెన్ సంస్థ, తూర్పున లైప్‌జిగ్ ఆర్కైవ్, మధ్యలో ముళ్ళకంచె. బాఖ్ సంపూర్ణ రచనల కొత్త కూర్పు 1954లో మొదలుపెట్టి రెండువైపులా పంచుకుని చేశారు. అది పూర్తయ్యేసరికి 2007. దేశం కలిసిన పదిహేడేళ్ళకి.

---

సూటిమాట | 21 నవంబర్, మధ్యాహ్నం 12:20

శర్మ గారూ, ఇది బాగుంది. ఒప్పుకుంటున్నాను. కానీ ఈ చేతిరాత విద్య ఎటు తిప్పితే అటు తిరుగుతుందేమో అని నా అనుమానం. సెల్లో అనే తీగవాద్యానికి బాఖ్ రాశాడనే పేరున్న సెల్లో సూట్లు రాసింది బాఖ్ కాదు, భార్యే అని ఆస్ట్రేలియాలో ఒక ప్రొఫెసర్ చేతిరాత చూసే చెప్పాడు కదా?

---

అట్లాంటా_శర్మ | 21 నవంబర్, సాయంత్రం 5:55

మార్టిన్ జార్విస్. ఆ వాదాన్ని బాఖ్ పరిశోధకులు దాదాపు ఎవరూ ఒప్పుకోలేదు. నకలు ఆమె చేతిదే, అందులో గొడవ లేదు. నకలు తీసినవాళ్ళే రచయిత అనడానికి మాత్రం వేరే ఆధారం కావాలి. ఆమె రాత చాలా చోట్ల మొగుడి రాతలాగే ఉంటుంది, ఒకప్పుడు పెద్ద పండితులు కూడా పొరబడ్డారు. పాపం ఆమె మంచి గాయని, ఇంట్లో అంతమంది పిల్లలు, మధ్యలో ఈ నకళ్ళు. ఆమె గురించి మాట్లాడుకోవాల్సింది చాలా ఉంది, అయితే దానికి సెల్లో సూట్లు అక్కర్లేదు.

---

నిఖిత_ఎంఏ | 22 నవంబర్, ఉదయం 11:08

నమస్తే అందరికీ. నేను సంగీతంలో ఎంఏ రెండో సంవత్సరం. ఇది చదివాక జర్మనీ వెళ్ళి ఇదే చదవాలనిపిస్తోంది. వెర్రి ఆలోచనా? ఉద్యోగాలుంటాయా? మా నాన్నగారికి ఏం చెప్పాలో కూడా ఎవరైనా చెప్పండి 🙏

---

హాలె_పద్మజ | 22 నవంబర్, రాత్రి 10:15

నిఖితా, నేను అక్కడ చదివి వచ్చినదాన్నే. సంగీతశాస్త్రమే, కాకపోతే బాఖ్ కాదు. నాన్నగారికి చెప్పడానికి ఒక మంచి మాట: చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు. మిగతావి చెప్పకు.

నీకు మాత్రం మిగతావి చెప్తాను. అక్కడ విశ్వవిద్యాలయాల్లో పరిశోధకుల ఉద్యోగాలు చాలావరకు కాలపరిమితివి. దానికో చట్టం ఉంది: డాక్టరేట్‌కి ముందు ఆరేళ్ళు, తర్వాత ఆరేళ్ళు. ఆలోగా పక్కా కొలువు రాకపోతే దారి చూసుకోవాలి. 2021లో దీని మీద ఆన్‌లైన్‌లో పెద్ద గోల జరిగింది, ఆ చట్టాన్ని వివరించే ప్రభుత్వ వీడియోలోని హన్నా అనే పాత్ర పేరు పట్టుకుని 'నేనే హన్నా' అంటూ వేలమంది తమ కథలు రాశారు. నేను కూడా రాశాను. మా విభాగంలో నాకు నాలుగుసార్లు కాంట్రాక్టు ఇచ్చారు. ఒకటి నాలుగు నెలలది. నాలుగు నెలల్లో ఒక పాత పెట్టెలోని ఉత్తరాలు చదివి పట్టిక వేయాలి. మూడు వారాలు ఆ రాయసగాడి 'ఎ', 'ఎన్' తేడా పట్టుకోవడానికే పోయాయి.

అందుకే వాసు గారి మొదటి పోస్టు చదివి కాసేపు అలా కూర్చున్నాను. 33 ఏళ్ళు అనుమానాన్ని జేబులో పెట్టుకుని తిరగగలిగాడంటే, ఆయన ఓపిక సగం. ఆయన్ని కదపకుండా ఉంచిన ఆర్కైవ్ సగం. నాలాంటిదానికి 1992లో ఆ కాగితాలు కనపడితే, కాంట్రాక్టు అయిపోయేలోగా 'బాఖ్ కావచ్చు' అని ఒక వ్యాసం పారేసేదాన్ని. కాదని ఇంకొకరు రాసేవారు. అక్కడితో కథ కంచికి.

నేర్చుకోవాల్సినవి: జర్మన్ ఎలాగూ. పాత జర్మన్ చేతిరాత, దాన్ని కుర్రెంట్ అంటారు, అది చూస్తే గడ్డిపరకలు వరసగా పేర్చినట్టుంటుంది, మూడు నెలలు ఏడుస్తావు. లాటిన్ కొంచెం. రకరకాల క్లెఫ్‌లు, అక్షరాలతో రాసే ఆర్గన్ టాబులేచర్. అది చూసి భయపడకు, మన స-రి-గ-మ రాతకి అలవాటుపడ్డ కంటికి వాళ్ళ పిల్లలకంటే తొందరగా పట్టుబడుతుంది. ఇది నా అనుభవం.

---

సుస్వరం_రమ | 23 నవంబర్, ఉదయం 9:00

పద్మజా, కళ్ళు చెమ్మగిల్లాయి తల్లీ.

స-రి-గ-మ రాత మాట వచ్చింది కాబట్టి. మనకీ ఆధారాల పని లేకపోలేదు, కాకపోతే దారి వేరు. అన్నమయ్య రాగిరేకుల మీద రాగం పేరు ఉంది, స్వరం లేదు. వేటూరి ప్రభాకరశాస్త్రి గారిలాంటివాళ్ళు సాహిత్యాన్ని బయటికి తెచ్చారు, పాట మాత్రం రేకులో లేదు. త్యాగయ్యగారి కృతి నాలుగు శిష్యపరంపరల్లో నాలుగు రకాలు. 'పాఠాంతరం' అనే మాటే చూడండి. రాతప్రతుల వాళ్ళకి అది రెండు ప్రతుల మధ్య తేడా. మా పాటవాళ్ళకి అదే మాట 'మా గురువుగారి బాణీ' అనే గర్వం. వాళ్ళు దాన్ని తేల్చాలని చూస్తారు, మేము కాపాడాలని చూస్తాం.

సుబ్బరామ దీక్షితులు గారు 1904లో ఎట్టయపురంలో అచ్చువేయించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని', కృతుల్ని స్వరాలతో ఇచ్చిన పుస్తకం, తెలుగు లిపిలో ఉంది. తమిళనాట విద్వాంసులు కొందరు దానికోసమే తెలుగు అక్షరాలు నేర్చుకున్నారు. మన పిల్లల్లో ఎంతమంది దాన్ని తెరిచారో నన్ను అడగొద్దు.

---

లైప్‌జిగ్_వాసు | 23 నవంబర్, రాత్రి 9:40

ఇంకొక్క కథ చెప్పి నేను ఊరుకుంటాను. వొల్నీకి ముందు ఆర్కైవ్ డైరెక్టర్ క్రిస్టోఫ్ వుల్ఫ్, 2001 నుంచి 2013 దాకా. ఆయనా జర్మనే, హార్వర్డ్‌లో చాలా కాలం పాఠాలు చెప్పాడు. బెర్లిన్‌లో జింగ్ అకడమీ అనే పాత గాయక సంఘం దగ్గర 5,000కి పైగా సంగీత ప్రతులుండేవి. బాఖ్ రెండో కొడుకు కార్ల్ ఫిలిప్ ఎమానుయెల్ ఆస్తి చాలావరకు అందులోనే. 1943లో బాంబులకి భయపడి సైలీసియాలో ఒక కోటలో దాచారు. యుద్ధం ముగిశాక మాయం. కాలిపోయిందనే అనుకున్నారు చాలామంది.

1999లో వుల్ఫ్, అమెరికన్ ఆర్కైవ్ నిపుణురాలు పట్రీషియా గ్రిమ్‌స్టెడ్, యుక్రెయిన్ చరిత్రకారుడు హెన్నాది బోర్యాక్ కలిసి దాన్ని కీవ్‌లో కనుక్కున్నారు. సోవియట్ సైన్యం తీసుకెళ్ళి అక్కడ పెట్టింది. చెక్కుచెదరలేదు. 2001లో యుక్రెయిన్ తిరిగి బెర్లిన్‌కి ఇచ్చేసింది. ఇవాళ కీవ్ మీద పడుతున్న బాంబుల వార్తలు చూస్తుంటే నాకు ఇదే గుర్తొస్తుంది.

అలాగే వైమార్ లైబ్రరీ 2004 సెప్టెంబరులో తగలబడింది, 50,000 పుస్తకాలు బూడిద. 2005లో మౌల్ అక్కడి సేకరణలోనే 1713 నాటి బాఖ్ పాట ఒకటి, ఎవరికీ తెలియనిది, కనుక్కున్నాడు. ఒక దొరగారి పుట్టినరోజు పద్యం అచ్చువేసిన కాగితాలకి వెనక రాసి ఉంది. ఆ పెట్టె మంటలకి ముందే మరమ్మత్తుకని బయటికి వెళ్ళడంతో బతికింది.

---

సూటిమాట | 24 నవంబర్, ఉదయం 8:30

నేను మొదట అడిగిన రెండో ప్రశ్న ఇంకా అలాగే ఉంది: అవి నిజంగా యోన్ సొంత రచనలే అయ్యుంటే, ఇంతే బాగున్నా, ఎవరైనా వాయించేవారా? జవాబు నాకూ తెలుసు, మీకూ తెలుసు. కానీ నిన్న రాత్రి రెండూ విన్నాను. జి మైనర్‌ది రెండుసార్లు.

తాతయ్య గారూ, ఆ కొక్కెం ట్రేసింగ్ మీ దగ్గరే ఉందా?

---

తాటాకు_తాతయ్య | 24 నవంబర్, సాయంత్రం 4:25

అటక మీద ట్రంకుపెట్టెలో ఉండాలి. మా కోడలు కిందికి దించనివ్వదు, నడుము విరగ్గొట్టుకుంటానని. ఆదివారం మనవడు వస్తాడు.

---

మోడరేటర్ | 26 నవంబర్, ఉదయం 10:00

ఈ చర్చని 'పాశ్చాత్య సంగీతం' విభాగం నుంచి 'రాతప్రతులు, పరిష్కరణ' విభాగానికి మారుస్తున్నాను. మినుయెట్ సర్టిఫికెట్ జోకుల పోస్టులు పద్నాలుగు తీసేశాను.

---

తాటాకు_తాతయ్య | 30 నవంబర్, మధ్యాహ్నం 3:15

దొరికింది. నోటుబుక్కు అంచులు పురుగు కొట్టింది కానీ ట్రేసింగులు రెండూ బాగానే ఉన్నాయి. వైద్యం కట్టది ఒకటి, భాగవతం కట్టది ఒకటి. పక్కన నేనే ఆకు నంబర్లు కూడా రాసుకున్నాను. మనవడు ఫోనుతో తీస్తే వెనక బల్ల గీతలు కనపడి గజిబిజిగా వస్తోంది. ఏం చేయాలి?

---

హాలె_పద్మజ | 30 నవంబర్, మధ్యాహ్నం 3:22

తాతయ్య గారూ, కింద ఒక తెల్ల కాగితం పెట్టమనండి. ఫ్లాష్ వద్దు, కిటికీ పక్కన తీయమనండి. కొలత తెలిసేలా పక్కన స్కేలు ఒకటి పెట్టండి. ఆకు నంబర్లు కూడా ఫోటోలో పడాలి.

---

తాటాకు_తాతయ్య | 30 నవంబర్, సాయంత్రం 4:40

స్కేలు లేదమ్మా. అగ్గిపెట్టె పెట్టాము. పంపిస్తున్నాను.